తుంగభద్ర జలాశయం చుట్టూ మౌంటెన్ బైక్ యాత్ర: బయలుదేరే ముందు తేల్చుకోవలసిన విషయాలు

హోస్పేట, బళ్ళారి, గంగావతి, శ్రీరామనగర, కారటగి, సింధనూరు ప్రాంతాల్లోని మన తెలుగు కుటుంబాల్లో గేరు సైకిళ్ళు కొన్న కుర్రవాళ్ళు, అమ్మాయిలు ఇప్పుడు చాలామందే ఉన్నారు. ఆదివారం పొద్దున హంపి దాకా వెళ్ళి రావడం వాళ్ళకు మామూలైపోయింది. తరువాత వచ్చే కోరిక ఒకటే: "డ్యామ్ చుట్టూ ఒక రౌండు కొట్టాలి." సంఘం ఆఫీసుకు వచ్చి అడిగేవాళ్ళు పిల్లలు, వద్దని చెప్పించమని అడిగేవాళ్ళు తల్లిదండ్రులు. వద్దు అనడం సులువు. అయితే ఆ మాట విని మానేసేవాళ్ళు తక్కువ, చెప్పకుండా వెళ్ళేవాళ్ళు ఎక్కువ. అందుచేత ఈ యాత్ర సరిగా ఎలా వేసుకోవాలో ఒకచోట రాసి పెట్టడం మేలనిపించింది. ఇరుపక్షాలూ చదవాలని మనవి.

ముందుగా ఒక మాట. ఈ దారిలో పెద్ద కొండలు లేవు. కష్టం ఎత్తులో లేదు, వేరే మూడు చోట్ల ఉంది: ఒడ్డు ఒకచోట నిలవదు, నేల రెండు రకాలు, నీటిని దాటే దారులు రెండే. ఈ మూడూ కాగితం మీద తేలిన తరువాతే సైకిలు బయటికి తీయాలి.

జలాశయం గురించి కొంత

తుంగభద్ర ఆనకట్టకు 1945 ఫిబ్రవరి 28న శంకుస్థాపన జరిగింది. అప్పటి మద్రాసు ప్రభుత్వం, హైదరాబాద్ సంస్థానం కలిసి తలపెట్టిన పని ఇది. కట్ట 1953లో పూర్తయింది. పొడవు సుమారు 2,440 మీటర్లు, గేట్లు 33. పూర్తి నీటి మట్టం 1,633 అడుగులు. నిండినప్పుడు నీరు పరుచుకునే విస్తీర్ణం సుమారు 378 చదరపు కిలోమీటర్లు. ఎడమ కాలువ నీళ్ళు కొప్పళ, రాయచూరు జిల్లాలకు వెళ్తాయి. కుడివైపు ఎగువ, దిగువ కాలువల నీళ్ళు బళ్ళారి జిల్లాతో పాటు అనంతపురం, కర్నూలు, కడప వైపు వెళ్తాయి. కోస్తా జిల్లాల నుంచి వచ్చి గంగావతి, సింధనూరు తాలూకాల్లో క్యాంపులు వేసుకుని వరి పండించిన మన పెద్దలు బతికింది ఆ ఎడమ కాలువ నీళ్ళ మీదే.

కట్టేనాటికి జలాశయం సామర్థ్యం దాదాపు 133 టీఎంసీలు. పూడిక పేరుకుని ఇప్పుడది 105 టీఎంసీల పైచిలుకుకు వచ్చింది. సైకిలు తొక్కేవాడికి ఈ లెక్కతో ఏం పని అనుకోవద్దు. పూడిక ఎక్కువగా చేరేది నది వచ్చి జలాశయంలో కలిసే పైభాగంలో, అంటే హూవినహడగలి, ముండరగి తాలూకాల వైపు. నీరు తగ్గినప్పుడు అక్కడ నేల పైకి ఎండి గట్టిగా కనిపిస్తుంది, కింద మెత్తటి బురద ఉంటుంది. మనిషి నిలబడితే ఆగే పొర, సామానుతో ఉన్న సైకిలు ఎక్కితే ఆగకపోవచ్చు.

చుట్టు దారి, దూరాలు

పక్కా రోడ్ల మీద చుట్టు మొత్తం సుమారు 165 కిలోమీటర్లు. ఒడ్డు వైపు దిగే మట్టిదారులు కలిపితే 180 నుంచి 200 దాకా వస్తుంది. విజయనగర, గదగ, కొప్పళ అనే మూడు జిల్లాలు దాటాలి. మజిలీలు ఇవి. దూరాలు ఉజ్జాయింపుగా ఇచ్చినవి, మీరు ఎంచుకున్న దారిని బట్టి కొంత అటూ ఇటూ అవుతాయి.

హోస్పేట నుంచి మరియమ్మనహళ్ళి: 15 కిలోమీటర్లు.
మరియమ్మనహళ్ళి నుంచి హగరిబొమ్మనహళ్ళి: 23.
హగరిబొమ్మనహళ్ళి నుంచి హూవినహడగలి: 30.
హూవినహడగలి నుంచి మదలగట్ట వంతెన దాటి ముండరగి: 25.
ముండరగి నుంచి అళవండి మీదుగా కొప్పళ: 40.
కొప్పళ నుంచి గిణిగేర, మునిరాబాద్ మీదుగా హోస్పేట: 30.

ఈ పట్టికలో అన్నిటికన్నా ముఖ్యమైన పేరు మదలగట్ట. ఆనకట్ట కింద మునిరాబాద్, హోస్పేటల మధ్య ఉన్న వంతెన వదిలిపెడితే, మనం లెక్కలో వేసుకోదగిన మరో వంతెన మదలగట్ట, కొర్లహళ్ళి ఊళ్ళ మధ్యనే ఉంది. నడుమ అడ్డంగా దాటి ఇంటికి వచ్చే దారి లేదు. జాలర్ల పుట్టిల మీద సైకిళ్ళు ఎక్కించుకుని దాటుదామనే ఆలోచన అసలు పెట్టుకోవద్దు. విశాలమైన నీటి మీద గాలి లేస్తే పుట్టికి ఆధారం ఉండదు.

హోస్పేట నుంచి కూడుతూ వస్తే ఆ వంతెన దగ్గరికి సుమారు 80 కిలోమీటర్లు అవుతాయి. అంటే మొత్తం చుట్టులో సరిగ్గా సగం. అక్కడికి చేరాక వెనక్కి తిరిగినా, ముందుకు పోయినా దూరం ఒకటే. కాబట్టి "బాగోకపోతే తిరిగి వచ్చేద్దాం" అనే మాట వంతెన ముందు పనికొస్తుంది, వంతెన దాటాక పనికిరాదు. యాత్ర పథకమంతా ఈ ఒక్క విషయం చుట్టూ వేసుకోవాలి.

ఏ నెలలో వెళ్ళాలి

నవంబరు చివరి వారం నుంచి ఫిబ్రవరి మధ్య వరకు మంచి కాలం. కారణాలు చెబుతాను.

జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి గాలి బలంగా వీస్తుంది. ముండరగి వైపు కప్పతగుడ్డ మీద గాలిమరలు ఊరికే పెట్టలేదు. పైగా వానలు. జలాశయం నిండేది కూడా ఆ నెలల్లోనే, సాధారణంగా జూలై, ఆగస్టుల్లో. నీళ్ళు వదిలినప్పుడు నది కింది భాగంలో వంతెనలు మునుగుతాయి. గంగావతి వైపు నుంచి కంప్లి వంతెన మీదుగా వచ్చే మనవాళ్ళకు ఇది తెలిసిన సంగతే, పెద్ద వరదకు ఆ వంతెన మీద రాకపోకలు ఆపేస్తారు. అక్టోబరులోనూ వానలుంటాయి, నల్లరేగడి ఇంకా తడిగానే ఉంటుంది.

మార్చి నుంచి ఎండలు మొదలు. ఏప్రిల్, మే నెలల్లో ఈ ప్రాంతంలో 40 డిగ్రీలు దాటడం మామూలే. ఉత్తరపు ఒడ్డున చెట్టు నీడ తక్కువ. ఆ రెండు నెలల్లో ఈ యాత్ర పెట్టుకోకపోవడమే మంచిది.

నవంబరు, డిసెంబరుల్లో నీరు ఇంకా బాగానే ఉంటుంది, నేల ఆరి ఉంటుంది, వలస పక్షులు వచ్చి ఉంటాయి. హగరిబొమ్మనహళ్ళి దగ్గరి అంకసముద్ర చెరువును పక్షుల సంరక్షణ ప్రాంతంగా ప్రకటించారు. దారిలో ఒక అరగంట ఆగి చూడదగ్గ చోటు.

నీటి మట్టం తెలుసుకోవడం

ఫోనులోని మ్యాపులో నీలం రంగు చూసి ఒడ్డు అక్కడే ఉందనుకోవద్దు. మ్యాపు గీసింది ఒక మట్టం దగ్గర, మీరు వెళ్ళే రోజు మట్టం మరొకటి. ఉపగ్రహ చిత్రం వేసవిలో తీసినదైతే ఇంకా ప్రమాదం. జలాశయం ఎండిన భాగంలో ట్రాక్టర్లు, గొర్రెల మందలు నడిచిన జాడలు అందులో చక్కటి దారుల్లాగా కనిపిస్తాయి. డిసెంబరులో ఆ జాడల మీద నీరు ఉంటుంది, లేదా నీరు అప్పుడే దిగిపోయిన బురద ఉంటుంది.

తుంగభద్ర బోర్డు జలాశయం మట్టాన్ని రోజూ ప్రకటిస్తుంది. ఆ అంకె చూసి 1,633 అడుగులకు ఎంత తక్కువ ఉందో లెక్క వేసుకోవాలి. తేడా ఎక్కువగా ఉంటే నీరు మ్యాపులో ఉన్నచోటికి చాలా దూరం జరిగి ఉంటుందని, ఆ మధ్యలో ఉన్నదంతా పూడికనేల అని అర్థం.

గత కాలపు అనుభవం కూడా పూర్తిగా పనికిరాదు. 2024 ఆగస్టు 10 రాత్రి గొలుసు తెగి 19వ గేటు కొట్టుకుపోయింది. ప్రవాహం సాగుతుండగానే వారం రోజుల్లో స్టాప్‌లాగ్‌లు దించి నీటిని నిలబెట్టారు. ఆ పనికి మార్గం చూపినవారు మన తెలుగు ఇంజనీరు కన్నయ్యనాయుడు గారు కావడం మనందరికీ గర్వకారణం. తరువాత గేట్లన్నీ మార్చాలని నిర్ణయం జరిగింది. 2025లో నిల్వను 80 టీఎంసీలకే పరిమితం చేశారు. కాబట్టి "పోయిన సంవత్సరం ఈ నెలలో నీళ్ళు ఇక్కడిదాకా ఉన్నాయి" అన్న మాట మీద ఆధారపడవద్దు. ఆ వారం అంకె చూడాలి.

ఎర్రనేల, నల్లరేగడి

దక్షిణపు ఒడ్డున, హోస్పేట, మరియమ్మనహళ్ళి వైపు ఎక్కువగా ఎర్రనేల, రాళ్ళు. వాన పడినా ఒకటి రెండు రోజుల్లో దారి తొక్కదగినట్టు అవుతుంది. ముండరగి, కొప్పళ వైపు నల్లరేగడి ఎక్కువ. ఎండినప్పుడు సిమెంటు లాగా గట్టిగా ఉండి, పగుళ్ళలో టైరు ఇరుక్కుంటుంది. తడిసినప్పుడు చక్రానికి, ఫోర్కుకు మధ్య మట్టి కూరుకుపోయి చక్రం తిరగదు. సైకిలు భుజాన వేసుకుని నడవాల్సిందే, చెప్పులకూ అంతే మట్టి అంటుకుంటుంది.

కనుక నియమం ఇది: బయలుదేరే ముందు నాలుగు రోజుల్లో ముండరగి, కొప్పళ వైపు వాన పడి ఉంటే ఉత్తరపు ఒడ్డున మట్టిదారులు దిగకూడదు, తారు రోడ్డు వదలకూడదు. యాత్ర మానక్కరలేదు, ఒడ్డు చూడటం మానాలి.

ముళ్ళ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. మనం సర్కారు తుమ్మ అనే చెట్టును కన్నడంలో బళ్ళారి జాలి అంటారు. పేరులోనే మన జిల్లా ఉంది. ఒడ్డు పొడవునా అదే. ఆ ముల్లు టైరును సులువుగా దాటుతుంది. దారి మీద కొట్టిన కంప కనిపిస్తే దిగి సైకిలు ఎత్తి దాటండి, తొక్కుకుంటూ పోవద్దు.

ఎటు నుంచి ఎటు

హోస్పేట నుంచి మొదట మరియమ్మనహళ్ళి వైపు వెళ్ళి, కొప్పళ మీదుగా తిరిగి రావడం మేలు. దీనికి మూడు కారణాలు.

ఒకటి, ఎవరి శక్తి ఎంతో మొదటి 38 కిలోమీటర్లలోనే తేలిపోతుంది. హగరిబొమ్మనహళ్ళి తాలూకా కేంద్రం, బస్సులున్నాయి, ఆసుపత్రి ఉంది. చేతకానివారు అక్కడ ఆగితే మధ్యాహ్నానికి ఇల్లు చేరతారు.

రెండు, చివరి భాగంలో రైలు మార్గం పక్కనే ఉంటుంది. కొప్పళ, గిణిగేర, మునిరాబాద్ మూడూ హుబ్బళ్ళి, గుంతకల్లు మార్గంలోని స్టేషన్లు. రెండో రోజు అలసిపోతే కొప్పళలో రైలు ఎక్కవచ్చు. సైకిలును లగేజీగా బుక్ చేయాలి, అన్ని రైళ్ళూ తీసుకోవు, కాబట్టి ముందుగా స్టేషనులో విచారించుకోవాలి.

మూడు, చలికాలంలో గాలి తూర్పు నుంచి వీస్తుంది. మొదటి రోజు వెనుక నుంచి తోస్తుంది, రెండో రోజు ఎదురవుతుంది. ఎదురుగాలి పొద్దెక్కేకొద్దీ పెరుగుతుంది కాబట్టి రెండో రోజు వెలుగు రాగానే బయలుదేరడం తప్పనిసరి.

హోస్పేట దాటాక జాతీయ రహదారి మీద కొండ దగ్గర సొరంగం ఉంది. పగలైనా సరే ముందు తెల్ల లైటు, వెనుక ఎర్ర లైటు వెలిగించుకుని, ఒకరి వెనుక ఒకరుగా, ఎడమ అంచున పోవాలి. సర్వీసు రోడ్డు ఉన్నంతవరకు అదే వాడాలి. గిణిగేర దగ్గర ఉక్కు ఫ్యాక్టరీల లారీలు రద్దీగా ఉంటాయి. ఆ భాగాన్ని చీకట్లో దాటకూడదు. హులిగి హులిగెమ్మ గుడికి మంగళ, శుక్రవారాల్లో, పున్నమికి జనం విపరీతంగా వస్తారు. తిరుగు ప్రయాణం ఆ రోజుల్లో పడకుండా చూసుకోండి. శనివారం బయలుదేరి ఆదివారం చేరడం అన్ని విధాలా అనుకూలం.

రెండు రోజులా, మూడు రోజులా

తారు రోడ్డు మీద సామానుతో గంటకు 14, 15 కిలోమీటర్లు, మట్టిదారిలో 9, 10 అని లెక్క వేయండి. ఖాళీ సైకిలు మీద ఆదివారం తొక్కిన వేగం ఇక్కడ లెక్కకు రాదు. డిసెంబరులో వెలుగు ఉదయం ఆరున్నరకు వస్తుంది, సాయంత్రం ఆరుకు పోతుంది. పదకొండున్నర గంటల వెలుగులో భోజనానికి, పంచర్లకు, విశ్రాంతికి మూడున్నర గంటలు తీసేస్తే మిగిలేది ఎనిమిది గంటలు.

అలవాటైనవారికి రెండు రోజులు: మొదటి రోజు హూవినహడగలి దాకా 68 కిలోమీటర్లు, దానికి తోడు ఒడ్డుకు రెండు చిన్న దారులు. రాత్రి హడగలిలో లాడ్జి. రెండో రోజు 95 కిలోమీటర్లు, ఎదురుగాలి, కాబట్టి ఒడ్డుకు ఒక్క దారి మాత్రమే. కొత్తవారికి మూడు రోజులు: రెండో రాత్రి కొప్పళలో ఉండి, మూడో రోజు పొద్దున్నే హోస్పేట చేరాలి.

ఒడ్డుకు దిగే దారి ఏదైనా వెళ్ళిన దారినే తిరిగి రావాలి. ఒడ్డు వెంబడే తరువాతి ఊరికి పోదాం అనుకుంటే మధ్యలో ఏదో ఒక వాగు, నీటి పాయ అడ్డం వస్తుంది. అది కిలోమీటరు దూరం దాకా కనిపించదు.

యాత్రకు ముందు నెల రోజుల తయారీ కావాలి. వారానికి రెండు సార్లు 30 కిలోమీటర్లు, ఆదివారాల్లో 50, 60, 70 చొప్పున పెంచుకుంటూ పోవాలి. ఒక ఆదివారం సండూరు వైపు ఎక్కుడు దారి తొక్కితే కాళ్ళ సత్తా, బ్రేకుల సత్తా రెండూ తెలుస్తాయి. చివరి రెండు సాధనలు యాత్రలో మోయబోయే సామానుతోనే చేయాలి.

వెనక్కి తిరిగే నియమాలు

ముప్పై ఏళ్ళకు పైగా ఆఫీసు ఫైళ్ళు రాసిన అలవాటు కొద్దీ చెబుతున్నాను, ఈ నియమాలు నోటితో అనుకుంటే సరిపోదు. కాగితం మీద రాసి, వెళ్ళేవాళ్ళందరూ సంతకం పెట్టాలి. ఎండలో అలసిపోయిన మనిషి వాదిస్తాడు. అప్పుడు కాగితం చూపించవచ్చు.

మొదటి నియమం, పదకొండు గంటలది. ఆరున్నరకు బయలుదేరినవారు పదకొండుకల్లా హగరిబొమ్మనహళ్ళి చేరాలి. చేరకపోతే ఆ రోజు ఒడ్డు దారులు రద్దు. పన్నెండున్నర దాటితే యాత్రే రద్దు, అక్కడి నుంచి వెనక్కి.

రెండో నియమం, రాత్రిది. హడగలిలో భోజనం అయ్యాక ప్రతి ఒక్కరూ మూడు ప్రశ్నలకు జవాబు చెప్పాలి: ఒంట్లో ఎలా ఉంది, సైకిల్లో ఏమైనా తేడా ఉందా, రేపు 95 కిలోమీటర్లు తొక్కగలవా. ఒక్కరు కాదన్నా ఆ ఒక్కరి కోసం మిగతావారు పథకం మార్చాలి. వంతెన దాటకముందు చివరిగా తేల్చుకునే చోటు ఇదే. ఆ కాదన్నవారిని ఒంటరిగా బస్సెక్కించి పంపకూడదు, ఒకరు తోడు వెళ్ళాలి.

మూడో నియమం, నాలుగున్నరది. ఎక్కడున్నా సాయంత్రం నాలుగున్నరకు కొత్త మట్టిదారి మొదలుపెట్టకూడదు. ఆ సమయానికి కొప్పళ దాటి ఉండకపోతే కొప్పళలోనే ఆగాలి.

గుంపులో నలుగురికి తక్కువ కాకుండా, ఎనిమిదిమందికి ఎక్కువ కాకుండా ఉంటే మంచిది. ఒకరికి దెబ్బ తగిలితే ఒకరు తోడుండి, ఇద్దరు సాయానికి వెళ్ళగలగాలి. అందరికన్నా నెమ్మదిగా తొక్కేవారి వేగమే గుంపు వేగం.

సైకిలు, సామాను

టైర్లు రెండు అంగుళాలకు తక్కువ కాకుండా ఉండాలి. మట్టిలో గాలి కొంచెం తగ్గించి, తారు రోడ్డు ఎక్కాక మళ్ళీ కొట్టుకోవాలి. మనిషికి రెండు ట్యూబులు, పంచరు ప్యాచీలు, టైరు లివర్లు, చేతి పంపు, చైన్ తెగితే అతికే లింకు, చైన్ విప్పే పనిముట్టు, అలెన్ కీల సెట్టు, నాలుగు ప్లాస్టిక్ టైలు, కొంచెం ఇన్సులేషన్ టేపు. మౌంటెన్ బైకు ట్యూబులు తాలూకా పట్టణాల్లో దొరుకుతాయన్న నమ్మకం పెట్టుకోవద్దు. అక్కడ దొరికేవి మామూలు సైకిలువి.

వాల్వు చూసుకోండి. మోటారు సైకిలుకు ఉండే లాంటి లావు వాల్వయితే రోడ్డు పక్క పంచరు షాపులో కూడా గాలి కొడతారు. సన్నటి వాల్వయితే చిన్న అడాప్టరు జేబులో ఉండాలి, లేకపోతే షాపు ఉన్నా లేనట్టే.

హెల్మెట్ తప్పనిసరి, దీనికి మినహాయింపు లేదు. చేతి గ్లవ్స్, కళ్ళద్దాలు, తల కప్పుకునే పల్చటి గుడ్డ ఉండాలి. ఫోను చార్జి కోసం పవర్ బ్యాంకు. ఒడ్డు దగ్గర కొన్నిచోట్ల సిగ్నల్ దొరకదు కాబట్టి మ్యాపు ముందుగానే ఫోనులో దింపుకోవాలి, చేతితో రాసుకున్న ఊళ్ళ వరుస కాగితం కూడా ఉండాలి.

నీళ్ళు, తిండి

మనిషికి కనీసం మూడు లీటర్లు మోయగలగాలి. జలాశయం నీళ్ళు తాగవద్దు. ముండరగి, కొప్పళ వైపు బోరు నీళ్ళలో ఫ్లోరైడు సమస్య ఉంది. ఊళ్ళలో శుద్ధ నీటి కేంద్రాలుంటాయి, నాణెం వేస్తే నీళ్ళు వస్తాయి. ఐదు రూపాయల నాణేలు పది దగ్గర పెట్టుకోండి. అన్ని చోట్లా యంత్రం పనిచేయదు కాబట్టి సీసా సగమైనప్పుడే నింపుకోవాలి, అయిపోయాక వెతకకూడదు.

తిండికి ఇబ్బంది లేదు. తాలూకా పట్టణాల్లో ఖానావళులున్నాయి, జొన్న రొట్టె, పప్పు, కూర, పెరుగు దొరుకుతాయి. పొద్దున ఒగ్గరణె, మిరపకాయ బజ్జీ ఘుమఘుమలాడుతుంటాయి గానీ తొక్కే రోజు నూనె వస్తువులు తగ్గించండి. అరటిపళ్ళు, వేరుశెనగ చిక్కి, ఉప్పు చక్కెర కలిపిన నీళ్ళు దారిలో ఆదుకుంటాయి.

చేయకూడనివి

ఆనకట్ట మీది దారి మామూలు రోడ్డు కాదు, కాపలా ఉన్న చోటు. దాన్ని యాత్ర దారిలో కలుపుకోవద్దు. కింది వంతెనే మన దారి.

జలాశయంలో ఈతకు దిగవద్దు. ఒడ్డు పూడికలో కాళ్ళు కూరుకుపోతాయి, ఈ నదిలో మొసళ్ళు కూడా ఉన్నాయి. ఒడ్డున గుడారం వేసుకుని పడుకోవద్దు.

హోస్పేట చుట్టుపక్కల కొండల్లో చిరుతలు, ఎలుగుబంట్లు ఉన్నాయి. చీకటి పడ్డాక, తెల్లవారకముందు అడవి పక్క దారుల్లో తిరగవద్దు. రిజర్వు అడవిలోకి పోయే దారి అయితే అటవీ శాఖ అనుమతి లేకుండా దిగవద్దు.

నీరు దిగిన నేలలో రైతులు పంట వేస్తారు. అది మనకు ఖాళీ మైదానంలా కనిపిస్తుంది, వాళ్ళకు అది ఆ ఏటి తిండి. మొలక మీద చక్రం పోకూడదు.

ఊళ్ళ వాళ్ళతో మాట

మన పిల్లలకు కన్నడం వచ్చు, బళ్ళో చదివారు. కానీ ముండరగి, కొప్పళ వైపు పలుకు వేరు. అక్కడ బురదను "రాడి" అంటారు. "రాడి ఐతేన్రీ?" అని అడిగితే దారి సంగతి వెంటనే చెబుతారు. పెద్దవారిని "అజ్జా", నడివయసు వారిని "అణ్ణా", "అక్కా" అని పిలవండి. దారి ఇద్దరిని విడివిడిగా అడగండి. ఒకరు కార్లు పోయే దారి చెబుతారు, ఒకరు ఎడ్ల బండి దారి చెబుతారు. గొర్రెలు కాసేవారు చెప్పిన మాటకు ఎక్కువ విలువ ఇవ్వండి, ఆ వారంలో నీరు ఎక్కడుందో నడిచి చూసినవారు వాళ్ళే.

ఒక సంగతి మన పిల్లలు తెలుసుకుని వెళ్ళాలి. ఈ నీటి కింద ఊళ్ళున్నాయి. నారాయణదేవరకెరె మునిగిపోయాక అక్కడివారు మరియమ్మనహళ్ళికి వచ్చి స్థిరపడ్డారు. అలా ఇల్లు, పొలం, గుడి వదిలి లేచిన కుటుంబాలు ఒడ్డు పొడవునా ఉన్నాయి. మన క్యాంపుల్లో వరి పండటానికి వాళ్ళ పొలాలు మునిగాయి. మీరు దారి అడిగే ముసలాయన ఆ కుటుంబంవాడే కావచ్చు. "ఎక్కడి నుంచి వచ్చారు?" అని అడిగితే క్యాంపు పేరు దాచవద్దు, చెప్పండి. ఆయన చెప్పేది కూర్చుని వినండి. యాత్రలో ఒక గంట అందుకు కేటాయిస్తే పథకం ఏమీ చెడదు.

ఇంట్లో ఇవ్వవలసిన కాగితం

బయలుదేరే ముందురోజు ప్రతి ఒక్కరూ ఇంట్లో ఒక కాగితం ఇవ్వాలి. అందులో ఉండవలసినవి: గుంపులో అందరి పేర్లు, ఫోను నంబర్లు, రక్తం గ్రూపు, వాడే మందులు, మజిలీల వరుస, ఏ ఊరికి ఎన్ని గంటలకు, రాత్రి బస, ఫోను చేసే వేళలు. హగరిబొమ్మనహళ్ళి, హడగలి, వంతెన, ముండరగి, కొప్పళ, ఈ ఐదు చోట్ల నుంచి ఫోను రావాలి. అనుకున్న వేళ దాటి రెండు గంటలైనా ఫోను రాకపోతే ఇంట్లోవాళ్ళు ముందు గుంపులో మిగతావారికి, తరువాత 112కు చేయాలి. దెబ్బలు తగిలితే అంబులెన్సుకు 108. హగరిబొమ్మనహళ్ళి, హూవినహడగలి, ముండరగిలలో తాలూకా ఆసుపత్రులు, కొప్పళలో జిల్లా ఆసుపత్రి ఉన్నాయి. 112కు చేసేటప్పుడు ఏ జిల్లాలో ఉన్నారో చెప్పడం ముఖ్యం. వంతెనకు ఇవతల విజయనగర, అవతల గదగ, అళవండి వైపు వచ్చాక కొప్పళ.

తల్లిదండ్రులకు ఒక సూచన. పిల్లలు ఈ కాగితం తెచ్చి ఇస్తే వెళ్ళనివ్వండి. తేకపోతే అడగండి. కాగితంలో హగరిబొమ్మనహళ్ళి చేరే వేళ, హడగలిలో రాత్రి బస, వెనక్కి తిరిగే మూడు నియమాలు రాసి ఉంటే, వాళ్ళు దారి గురించి ఆలోచించారని అర్థం. ఆ మూడూ లేకుండా "ఏం కాదు నాన్నా, వచ్చేస్తాం" అన్న మాట ఒక్కటే ఉంటే, ఆ వారం సైకిలు ఇంట్లోనే ఉండనివ్వండి. నీరు, దారి, చలికాలం వచ్చే వారానికీ ఉంటాయి.